‘స్తుతించుడి’ అన్నది ఎవరితో? హీబ్రూ లేఖనాల్లో సమాజ ఆరాధన

ప్రశ్న (క్లుప్తంగా): హల్లెలూయా, స్తోత్రం, ఆరాధన అనే మాటలు వారం వారం పలుకుతాం. హీబ్రూ మూలంలో వీటి అర్థమేమిటి? ఇంట్లో ఒక్కడినే కూర్చుని స్తుతిస్తే సరిపోదా? సమాజం మధ్యే చేయాలని లేఖనం ఎందుకంత పట్టుబడుతుంది? ‘ఏడు హీబ్రూ స్తుతి పదాలు’ అని చెప్పేది ఎంతవరకు నిజం? ఒక కీర్తనను గుంపుగా చదవాలంటే ఎలా?

సమాధానం:

మీవి నాలుగైదు ప్రశ్నలైనా వేరు ఒక్కటే. హీబ్రూ లేఖనాల్లో స్తుతించడమంటే దేవుడు చేసినదాన్ని నలుగురి ముందు ఒప్పుకుని చెప్పడం. వినేవాళ్ళు లేకపోతే ఆ పని సగంలోనే ఆగినట్టు. ఈ సంగతి మాటల్లో, వ్యాకరణంలో, బలుల నియమాల్లో, చివరికి ఆలయంలో పాట నడిచిన తీరులో కూడా కనిపిస్తుంది. అందుకే మాటతోనే మొదలుపెడతాను.

‘హల్లేల్’ అనే క్రియను దేవుడి విషయంలోనే కాదు, మనుషుల విషయంలోనూ వాడారు. ఆదికాండము 12:15లో ఫరో అధికారులు శారయిని చూసి, వెళ్ళి ఫరో దగ్గర ఆమెను పొగుడుతారు. అక్కడున్నది ఇదే క్రియ. వాళ్ళు శారయితో ‘మీరెంత అందంగా ఉన్నారు’ అనలేదు, ఫరోకి చెప్పారు. అంటే ఈ క్రియకు ముగ్గురు కావాలి: పొగిడేవాడు, ఎవరిని పొగుడుతున్నాడో ఆ మనిషి, చెవిన వేసుకునే మూడోవాడు. సామెతలు 27:2లో ‘నీ నోరు కాదు, అన్యుడే నిన్ను పొగడాలి’ అన్నచోటా ఇదే మాట. ఇది పట్టుకుంటే కీర్తనల్లో ఒక వింత అర్థమవుతుంది. 117, 150 లాంటి స్తుతి కీర్తనల్లో దేవుణ్ణి ‘నీవు’ అని పిలవడమే ఉండదు. అంతా ప్రథమ పురుషలో, ‘ఆయన’ అనే సాగుతుంది. ఎందుకంటే ఆ మాటలు పక్కవాళ్ళతో అంటున్నవి.

హల్లెలూయా కూడా అంతే. ‘హల్లెలూ’ బహువచన ఆజ్ఞ, ‘యాః’ దేవుని నామానికి పొట్టి రూపం. ‘మీరందరూ యాహ్‌ను స్తుతించండి’ అని అర్థం. మన పాత తెలుగు అనువాదం ఈ విషయంలో చాలా నమ్మకంగా ఉంది. ఒక్కరితో అంటే ‘స్తుతించుము’, పలువురితో అంటే ‘స్తుతించుడి’. ఆ చివరి ‘డి’ని నిర్లక్ష్యం చేయకండి, సమాజమంతా అందులోనే ఉంది. 103వ కీర్తన తీసుకోండి. ‘నా ప్రాణమా, యెహోవాను సన్నుతించుము’ అని ఏకవచనంలో, తనతో తానే మాట్లాడుకుంటూ మొదలవుతుంది. 20వ వచనం దగ్గరకు వచ్చేసరికి దూతలు, సైన్యాలు, సమస్త కార్యాలు అందరినీ కలుపుకుని ‘సన్నుతించుడి’గా మారుతుంది. చివరి మాటలో మళ్ళీ ‘నా ప్రాణమా’ దగ్గరకు వచ్చి వాలుతుంది. ఒంటరి గొంతు సమాజంలోకి వెళ్ళి తిరిగొచ్చే దారి అది.

ఇంకో సంగతి. స్తుతి కీర్తనలో ఆజ్ఞ వెంటనే ‘కీ’ అనే చిన్న మాట వస్తుంది. ‘ఎందుకంటే’ అని దానర్థం. రెండే వచనాలున్న 117లో కూడా ముందు ‘స్తుతించుడి’, తర్వాత ‘కీ’, ఆ తర్వాత కారణం. 136లో 26 సార్లు వచ్చే ‘ఆయన కృప నిరంతరముండును’ హీబ్రూలో ‘ఎందుకంటే ఆయన కృప నిరంతరం’ అని ఉంటుంది, తెలుగులో ఆ ‘ఎందుకంటే’ జారిపోయింది. కాబట్టి కారణం చెప్పకుండా హల్లెలూయా మాత్రమే పదిసార్లు అంటే, అది వాక్యంలో మొదటి సగమే. పిలిచి, ఎందుకు పిలిచామో చెప్పకుండా వదిలేసినట్టు.

ఇక ‘తోదా’. అసలు విషయమంతా నా దృష్టిలో ఇక్కడే ఉంది. మన బైబిల్లో దీన్ని కృతజ్ఞతాస్తుతి అనీ, బలి అయితే కృతజ్ఞతార్పణ అనీ అంటారు. హీబ్రూలో రెంటికీ ఒకటే మాట. యెహోషువ 7:19లో యెహోషువ ఆకానును తప్పు ఒప్పుకోమని అడిగేటప్పుడు కూడా ‘ఆయనకు తోదా ఇవ్వు’ అంటాడు. ఒప్పుకోవడం, బయటపెట్టడం అనేదే ఆ వేరుకున్న అసలు అర్థం. తప్పు నాదైతే అది పాపపు ఒప్పుకోలు, మేలు ఆయనదైతే అది స్తుతి. పాత నిబంధన హీబ్రూలో ‘థాంక్స్ చెప్పడం’ అనే పనికి ప్రత్యేకమైన క్రియ లేదనీ, ఉన్నదంతా ఈ ఒప్పుకోలేననీ జర్మన్ పండితుడు క్లాస్ వెస్టర్‌మన్ గట్టిగా వాదించాడు. నాకది సరైనదే అనిపిస్తుంది.

లేవీయకాండము 7:11–15లో కృతజ్ఞతార్పణ నియమం ఉంది. ఇది సమాధానబలిలో ఒక రకం. జంతువుతోపాటు నాలుగు రకాల రొట్టెలు తేవాలి: నూనె కలిపిన పులియని రొట్టెలు, నూనె పూసిన పలుచని పులియని అప్పడాలు, నూనెతో నానేలా కలిపి కాల్చినవి, వీటికి తోడు పులిసిన రొట్టెలు. మాంసం ఆ రోజే తినెయ్యాలి, తెల్లారేదాకా ఏమీ మిగలకూడదు. దాని పక్కనే 16వ వచనం చూడండి. మొక్కుబడి గాని, స్వేచ్ఛార్పణ గాని అయితే మరునాడు కూడా తినవచ్చు. మరి తోదాకే ఒక్కరోజు గడువెందుకు?

దీనికి జవాబు లెక్కలో ఉంది. క్రీ.శ. 200 ప్రాంతంలో కూర్చిన యూదు ధర్మసంకలనం మిష్నా ఈ రొట్టెల కొలత చెబుతుంది. ఒక్కో రకానికి 10 చొప్పున మొత్తం 40. పులిసిన 10 రొట్టెలకు ఒక్కోదానికి ఒక ఇస్సారోన్ పిండి, అంటే ఏఫాలో పదో వంతు. పులియని 30కి ఒక్కో ఇస్సారోన్‌తో మూడేసి. మొత్తం 20 ఇస్సారోన్లు. పాత కొలతల్ని ఎంత తక్కువగా లెక్కగట్టినా పిండి 20 కిలోలకు పైమాటే, పులిసిన రొట్టె ఒక్కటే కిలో పైన తూగుతుంది. రకానికి ఒకటి చొప్పున 4 రొట్టెలు యాజకుడికి పోతే, తెచ్చినవాడి చేతిలో 36 రొట్టెలు, వాటితోపాటు ఒక గొర్రె మాంసమో ఎద్దు మాంసమో ఉంటాయి. పైగా మిష్నా ప్రకారం అర్ధరాత్రి లోపే అయిపోవాలి. ఒక్క కుటుంబం వల్ల ఎలా అవుతుంది? పిలవాలి. దారిన పోయేవాడిని, పక్క బసలోని యాత్రికుడిని, తినడానికి లేనివాడిని పిలిచి కూర్చోబెట్టాలి. పిలిచినవాడు ఊరికే తినడు గదా, ‘ఏమైందయ్యా, ఏం మేలు జరిగింది?’ అని అడుగుతాడు. అప్పుడు చెప్పేదే స్తుతి. ఒక్కరోజు గడువు పెట్టింది మేలును నలుగురికీ తెలియజేయడానికేనని తర్వాతి యూదు వ్యాఖ్యాతలు వివరించారు. మొక్కు తీర్చుకుని ఊళ్ళో భోజనాలు పెట్టే ఆనవాయితీ తెలిసిన మనకు ఇది అర్థం కావడం కష్టం కాదు.

ఇది మనసులో పెట్టుకుని 22వ కీర్తన మళ్ళీ చదవండి. ‘నన్నెందుకు విడిచితివి’ అని మొదలైన గొంతు 22వ వచనంలో ‘సమాజమధ్యమున నిన్ను స్తుతించెదను’ అంటుంది. 25లో భయభక్తులు గలవారి ఎదుట మొక్కుబళ్ళు చెల్లిస్తానంటుంది. 26లో హఠాత్తుగా ‘దీనులు భోజనము చేసి తృప్తిపొందెదరు’ అని వస్తుంది. ఈ భోజనం ఎక్కడినుంచి ఊడిపడిందని చాలామంది తికమకపడతారు. మొక్కుబడి బలి తాలూకు విందు ఇక్కడే వడ్డిస్తున్నారు. 116:17–19 కూడా అంతే: కృతజ్ఞతార్పణ, మొక్కుబళ్ళు, ‘ఆయన ప్రజలందరి యెదుట’, ఆలయ ఆవరణాల్లో, యెరూషలేము మధ్యన. 107లో నాలుగు గుంపులు వస్తాయి: ఎడారిలో దారి తప్పినవాళ్ళు, సంకెళ్ళలో ఉన్నవాళ్ళు, చావు గుమ్మందాకా వెళ్ళిన రోగులు, సముద్రంలో తుపానుకు చిక్కినవాళ్ళు. ఆ కీర్తన వీళ్ళను జనసమాజంలో, పెద్దల సభలో ఆయనను ఘనపరచమంటుంది. తల్మూదు (మిష్నామీద యూదు గురువుల చర్చల సంకలనం) దీన్నే పట్టుకుని, ఈ నలుగురూ బయటపడితే కృతజ్ఞత చెప్పాలనీ, అది పదిమంది ఎదుట చెప్పాలనీ నియమం చేసింది. యూదు ప్రార్థనామందిరాల్లో ఆ ఆశీర్వచనం నేటికీ నడుస్తోంది.

ఆలయం పోయి 1,900 ఏళ్ళు దాటినా తోదా గుర్తు రోజువారీ ప్రార్థనలో మిగిలే ఉంది. 100వ కీర్తనకు శీర్షిక ‘మిజ్మోర్ లె-తోదా’, కృతజ్ఞతార్పణ కీర్తన. అష్కెనజీ యూదులు (మధ్య, తూర్పు ఐరోపా సంప్రదాయం వాళ్ళు) దీన్ని ఉదయ ప్రార్థనలో రోజూ చెబుతారు, కానీ విశ్రాంతిదినాన, పస్కాకు ముందురోజు, పస్కా నడిమి రోజుల్లో, ప్రాయశ్చిత్త దినానికి ముందురోజు మాత్రం వదిలేస్తారు. కారణం ఆ రొట్టెలే. పస్కాలో పులిసిన రొట్టె ఉండకూడదు, ఉపవాసానికి ముందురోజు తినడానికి సమయం చాలదు, విశ్రాంతిదినాన వ్యక్తిగత బలులు తేరు. రొట్టె తినలేని రోజున ఆ పాట కూడా లేదన్నమాట.

‘ఆరాధన’ గురించి కొంచెమే చెబుతాను. మనం ఆరాధన అనే చోట హీబ్రూలో ఎక్కువగా రెండు మాటలుంటాయి. ఒకటి ‘హిష్తహవా’, అంటే సాగిలపడటం. అబ్రాహాము హేతు కుమారుల ముందు సాగిలపడినప్పుడూ (ఆదికాండము 23:7) ఇదే మాట. తెలుగులో నమస్కారం మనిషికీ పెడతాం, దేవుడికీ పెడతాం గదా, అలాగే. రెండోది ‘అవోదా’, అంటే పని, ఊడిగం. ఐగుప్తులో వెట్టిచాకిరీకీ, గుడారంలో లేవీయుల సేవకూ ఇదే మాట వాడారు. రెండూ ఒళ్ళు వంచే పనులే. మనసులో కలిగే అనుభూతికి ఈ రెండు మాటలూ పేర్లు కావు.

సమాజానికి ‘కాహాల్’, ‘ఏదా’ అని రెండు మాటలున్నాయి. గ్రీకు అనువాదంలో కాహాల్ చాలాచోట్ల ‘ఎక్లేసియా’ అయింది, అదే తర్వాత సంఘానికి పేరైంది. అందులో ఎవరెవరున్నారన్నది ముఖ్యం. ద్వితీయోపదేశకాండము 31:10–12 ప్రకారం ఏడేళ్ళకోసారి పర్ణశాలల పండుగలో ధర్మశాస్త్రం చదివేటప్పుడు పురుషులు, స్త్రీలు, పిల్లలు, ఊళ్ళో ఉంటున్న పరదేశులు అందరినీ పోగుచేయాలి. నెహెమ్యా 8లో ఎజ్రా నీటి గుమ్మం ముందు కొయ్య పీఠంమీద నిలబడి తెల్లవారింది మొదలు మధ్యాహ్నం దాకా చదువుతాడు. జనం లేచి నిలబడతారు, చేతులెత్తి ‘ఆమేన్ ఆమేన్’ అంటారు, ముఖాలు నేలకు వంచి నమస్కరిస్తారు. లేవీయులు అర్థం విడమరుస్తారు. చివరకు మళ్ళీ భోజనం: కొవ్వినవి తినండి, తీయనివి తాగండి, ఏమీ సిద్ధం చేసుకోనివాళ్ళకు భాగాలు పంపండి. ఇక్కడా అన్నం లేకుండా ముగియలేదు.

జనం ఎలా పలికేవారు? నిర్గమకాండము 15లో సముద్రపు పాటను ఇశ్రాయేలు ఎలా పాడిందన్న చర్చ తల్మూదులో ఉంది. ముగ్గురు గురువులు మూడు పద్ధతులు చెబుతారు. రబ్బీ అకీబా ప్రకారం మోషే ఒక్కో మాట చెబుతుంటే జనం ప్రతిసారీ మొదటి పాదాన్నే తిరిగి అన్నారు, అంటే పల్లవి వంత. ఇంకొకరి ప్రకారం మోషే ఏది చెబితే అదే మాట మాటకు తిరిగి చెప్పారు, చిన్నపిల్లవాడు చదివిస్తున్నప్పటిలాగా. రబ్బీ నెహెమ్యా ప్రకారం మోషే ఎత్తుకున్నాడు, తర్వాత అందరూ కలిసి సాగించారు. భజనలో వంత పాడినవాళ్ళకు ఈ మూడూ కొత్త కాదు. కీర్తనల్లో ఎత్తుకునే సైగలు కూడా మిగిలాయి. 124 చూడండి: ‘యెహోవా మనకు తోడై యుండనియెడల’ అని మొదలై, మధ్యలో ‘ఇశ్రాయేలు అనవలెను’ అనే భావంతో ఒక సూచన వచ్చి, మళ్ళీ అదే పాదం మొదటినుంచి వస్తుంది. అది కవి తడబాటు కాదు. ఎత్తిచ్చేవాడు జనానికి ‘ఇక మీరు’ అని చెబుతున్నాడు. 129, 118 మొదట్లోనూ ఇదే.

వంత రాతలో లేనంత మాత్రాన వంత లేదని అనుకోకూడదు. దీనికి గట్టి సాక్ష్యం మృతసముద్రం ఒడ్డున 1956లో 11వ గుహలో దొరికిన కీర్తనల చుట్ట. అందులో 145వ కీర్తనలో ప్రతి వచనం తర్వాత ‘యెహోవా స్తుతినొందును గాక, ఆయన నామము నిత్యము స్తుతినొందును గాక’ అనే భావంతో ఒక వంత రాసి ఉంది. మన బైబిళ్ళకు ఆధారమైన మసోరా ప్రతిలో ఆ వంత లేదు. అక్షరక్రమంలో సాగే ఆ కీర్తనలో ‘నూన్’ అక్షరపు వచనం కూడా మసోరాలో లేదు, ఈ చుట్టలో ఉంది.

ఆలయంలో రోజువారీ బలి వేళ జరిగేదాన్ని మిష్నా దగ్గరగా చూపిస్తుంది. ప్రధానయాజకుడు ద్రాక్షారసం పోయడానికి వంగుతాడు. బలిపీఠం కొమ్ము దగ్గర ఆయన సహాయకుడు చేతిలో గుడ్డ పట్టుకుని నిలబడి ఉంటాడు. ఆయన వంగగానే ఇతను గుడ్డ ఊపుతాడు. అది చూసి బెన్ అర్జా అనే అతను తాళం మోగిస్తాడు. లేవీయులు పాట ఎత్తుకుంటారు. పాట ఒక విరామానికి రాగానే బూర ఊదుతారు, జనం సాగిలపడతారు. విరామానికో బూర, బూరకో సాష్టాంగం. అంత పెద్ద ఆవరణలో మాట వినిపించదు కాబట్టి గుడ్డ, తాళం, బూర అనే గొలుసుతో అందరినీ ఒక్కసారిగా కదిలించారు. అలెగ్జాండ్రియాలోని పెద్ద ప్రార్థనామందిరంలోనూ మధ్యలోని కొయ్య వేదికమీద ఒకతను గుడ్డ ఊపితే జనం ఆమేన్ అనేవారని తల్మూదు చెబుతుంది. పాట కూడా ఏ రోజుకారోజు నిర్ణయమే: ఆదివారం 24వ కీర్తన, సోమవారం 48, మంగళవారం 82, బుధవారం 94, గురువారం 81, శుక్రవారం 93, విశ్రాంతిదినాన 92. వేదికమీద లేవీయులు 12 మందికి తగ్గకూడదు. కిన్నోర్లు, నేవెల్‌లు రెండూ తీగల వాద్యాలే; కిన్నోర్లు కనీసం 9, నేవెల్‌లు కనీసం 2, తాళం 1, కలిపితే సరిగ్గా 12. మొదటి దినవృత్తాంతాలు 25లోని 24 జట్లు, జట్టుకు 12 మంది, మొత్తం 288 అన్న లెక్కతో ఇది పొసగుతుంది.

పస్కా రోజు సంగతి ఇంకా గొప్పది. గొర్రెపిల్లలను తెచ్చినవాళ్ళను మూడు గుంపులుగా లోపలికి పంపేవారు. ఆవరణ నిండగానే తలుపులు మూసేవారు. వధ సాగుతున్నంతసేపూ 113 నుంచి 118 దాకా ఉన్న కీర్తనలు చదివేవారు, ఈ వరుసకే హల్లేల్ అని పేరు. అయిపోతే మళ్ళీ మొదటినుంచి. మూడోసారి కూడా మొదలుపెట్టవచ్చు గాని ఆ అవసరం ఎప్పుడూ రాలేదంటుంది మిష్నా. మూడో గుంపులో జనం తక్కువ కాబట్టి 116 మొదటి మాట దాకా కూడా ఎన్నడూ చేరలేదని రబ్బీ యెహూదా అంటాడు. పాట నిడివిని జనం సంఖ్యే నిర్ణయించిందన్నమాట.

తెలుగు చదివేవాళ్ళకు వాద్యాల దగ్గర ఒక ఇబ్బంది ఉంది. నిర్గమకాండము 15:20లో మిర్యాము చేతిలో ‘తంబుర’ అని ఉంది. మనకు తంబుర అంటే బుర్రకథ చెప్పేవాళ్ళ భుజంమీది తీగల వాద్యం. హీబ్రూలో ఉన్నది ‘తోఫ్’, గుండ్రని చట్రానికి తోలు బిగించి చేత్తో కొట్టేది. మన కంజిరకో డప్పుకో దగ్గర. శ్రుతి పట్టుకుని నిలబడ్డ మిర్యామును కాదు, దరువు వేస్తూ ఆడుతున్న మిర్యామును ఊహించుకోండి. 150వ కీర్తనలోని ‘సితారా’ కూడా మన సితార్ కాదు. అది కిన్నోర్, రెండు కొమ్ముల మధ్య అడ్డుకర్ర వేసి తీగలు దించినది, దానికి మెడ గాని మెట్లు గాని ఉండవు. క్రీ.శ. 132–135లో రోమీయులమీద తిరుగుబాటు నడిపిన బార్ కోఖ్బా నాణేలమీద ఇలాంటి వాద్యాల బొమ్మలున్నాయి. మొదటి దినవృత్తాంతాలు 25లో లేవీయుల వాద్యాల పట్టీలో తోఫ్ లేదు. ఊరేగింపుల్లో, నాట్యంలో, ఎక్కువగా స్త్రీల చేతుల్లో అది కనబడుతుంది.

ఇక ఆ ‘ఏడు పదాలు’. హలల్, యదా, బరక్, జమర్, షబక్, తోదా, తెహిల్లా అని చెప్పే ఈ పట్టీ హీబ్రూ లేఖనాల్లో ఎక్కడా లేదు. ఎవరో ఏరి కూర్చింది. స్తుతికి హీబ్రూలో ఇంకా చాలా మాటలున్నాయి, పైగా తోదా, యదా ఒకే వేరువి, తెహిల్లా, హలల్ కూడా అంతే. అసలు సమస్య అర్థాల దగ్గర వస్తుంది. 1890లో వచ్చిన స్ట్రాంగ్ పదసూచికలో ప్రకాశించడం, గొప్పలు చెప్పుకోవడం, వెర్రిగా ప్రవర్తించడం, స్తుతించడం అన్నీ ఒకే పద్దు కింద ఉన్నాయి. దాన్ని చూసి ‘హలల్ అంటే పిచ్చివాడిలా గంతులేయడం’ అని బోధిస్తారు. అక్షరాలు ఒకటే అయినా అవి వేరు వేరు వేర్లు, వేరు వేరు క్రియారూపాలు అని నేటి నిఘంటువులు విడదీస్తాయి. తెలుగులో ‘పాడు’ అంటే గానం చేయడమూ ఉంది, చెడిపోవడమూ ఉంది. పాట పాడటమంటే పాడైపోవడం అని ఎవరైనా చెబితే నవ్వుతాం గదా, ఇదీ అలాంటిదే. ‘యదా అంటే చేయి విసరడం’ అన్నదీ ఇదే పొరపాటు. చేతులెత్తడం లేఖనంలో ఉంది, నెహెమ్యా 8లో చూశాం. దానికి ఈ వేరును సాగదీయనక్కర్లేదు.

కీర్తన 22:3లోని ‘ఇశ్రాయేలు చేయు స్తోత్రములమీద ఆసీనుడవై’ అన్న మాటను కూడా జాగ్రత్తగా చదవండి. గట్టిగా స్తుతిస్తే దేవుడు దిగివస్తాడని దీన్నుంచి సూత్రం లాగుతారు. కానీ ఆ మాట అంటున్నవాడు అప్పుడు పగలూ రాత్రీ మొరపెట్టి జవాబు రాక ఏడుస్తున్నవాడు. తన నోట స్తుతి లేని సమయంలో పితరుల స్తుతిని గుర్తు చేసుకుంటున్నాడు. తన గొంతు పూడుకుపోయినప్పుడు సమాజం గొంతు పట్టుకుని వేలాడుతున్నాడు.

ఇక్కడే మీ ‘ఇంట్లో ఒక్కడినే’ ప్రశ్నకు జవాబు. ఒంటరి ప్రార్థనను లేఖనం తక్కువ చేయదు. 63వ కీర్తనలో పడకమీద ధ్యానించేవాడున్నాడు, దానియేలు మేడగదిలో రోజుకు మూడుసార్లు మోకరిస్తాడు. అయితే దానియేలు కిటికీలు యెరూషలేము వైపు తెరిచి ఉన్నాయి. 42వ కీర్తనలో దుఃఖమంతా పండుగ చేసుకునే గుంపుతో నడిచి వెళ్ళిన రోజులు గుర్తొచ్చి వచ్చినదే. ఒంటరిగా చేసేది సమాజం వైపు తిరిగి ఉంటుంది, దాని స్థానంలో కూర్చోదు. గుంపులో చేసినంత మాత్రాన చెల్లుబాటు అవుతుందనీ కాదు. ఆమోసు 5:23లో ‘మీ పాటల ధ్వని నాయొద్దనుండి తొలగనియ్యుడి’ అన్నది నిండు సమాజంతోనే. ఆ వెంటనే 24లో న్యాయం నీళ్ళలా పారాలంటాడు. దీనుడికి రొట్టె అందని తోదా అది. దుఃఖంలో ఉన్నవాళ్ళు సంతోషం నటించాలా అని కూడా కొందరికి సందేహం. ఎజ్రా 3:11–13లో ఆలయ పునాది పడినప్పుడు వంతులవారీగా స్తుతి పాడుతుంటే, పాత ఆలయాన్ని చూసిన వృద్ధులు గట్టిగా ఏడ్చారు. ఏది కేకో ఏది ఏడ్పో జనం పోల్చుకోలేకపోయారు. ఏడ్చినవాళ్ళను ఎవరూ ఆపలేదు.

గుంపుగా చదవడానికి 118తో మొదలుపెట్టండి. నా సూచన ఇది, ఇంకోలా విభజించేవాళ్ళూ ఉన్నారు. 1–4: ఒకరు ఎత్తివ్వాలి, మూడు గుంపులు ఒక్కొక్కటిగా ‘కృప నిరంతరము’ అనాలి. 5–18లో ‘నేను’ ఉన్నంతా ఒకే గొంతు. 19లో ఆ గొంతే గుమ్మాలు తెరవమంటుంది, 20 ద్వారపాలకుల జవాబు కాబట్టి గదికి అవతలివైపు నిలబడ్డవాళ్ళు చెప్పాలి. 21 మళ్ళీ ఒక్కరు. 22–25 అందరూ, ‘మన’ అన్న మాట మొదటిసారి వచ్చేది అక్కడే. 26 యాజకుల గొంతు, ‘మిమ్ము దీవించుచున్నాము’ అని బహువచనంలోకి మారడం గమనించండి. వచ్చింది ఒక్కడే అయినా దీవెన వెంట ఉన్నవాళ్ళందరికీ. 27 అందరూ, 28 ఒక్కరు, 29 అందరూ. చదివేముందు ఎవరిది ఏ భాగమో పెన్సిల్‌తో గుర్తు పెట్టుకోకపోతే 19–20 దగ్గర తప్పకుండా తడబడతారు.

136 అయితే చిక్కు వేరు. ‘కీ లెఓలాం హస్దో’ ఆరు అక్షరాల్లో అయిపోతుంది. తెలుగు వంతకు పన్నెండు పడతాయి. పదో వచనం దగ్గరకు వచ్చేసరికి ఎత్తిచ్చేవాడు తొందరపడి వంత పూర్తికాకముందే తర్వాతి పాదం అందుకుంటాడు, 17–22 మధ్య రాజుల పేర్ల దగ్గర అంతా కలిసిపోతుంది. ఇద్దరు మార్చి మార్చి ఎత్తివ్వండి, వంత పాడేటప్పుడు ఎత్తిచ్చేవాడు నోరు మూసుకుని వినాలి. వేరే ప్రతితో పోల్చి చూస్తే వచన సంఖ్యల తేడా గుర్తుంచుకోండి. హీబ్రూలో చాలా కీర్తనల శీర్షికే ఒకటో వచనం కాబట్టి మన 22:22 అక్కడ 22:23 అవుతుంది, 51లో తేడా రెండు వచనాలు. 118, 136లకు శీర్షిక లేదు, సంఖ్యలు కలుస్తాయి.